మత్రాలో మూడు రోజులు, హానీ ఇచ్చిన నీళ్లు

మస్కట్ వెళ్తే బస పాత రేవు పేట మత్రాలోనే చూసుకోండి. మేం మొదటి రాత్రి విమానాశ్రయం దగ్గర పెద్ద హోటల్లో దిగాం. గది బాగుంది కానీ, ఎక్కడికెళ్లాలన్నా టాక్సీయే. మర్నాడు మత్రాలో చిన్న లాడ్జికి మారాం. లిఫ్టు లేదు, ఏసీ మోత. అయినా మెట్లు దిగితే సముద్రం, నాలుగడుగులేస్తే బజారు.

మస్కట్‌లో బలూచీలు, అంటే బలూచిస్తాన్ మూలాలున్నవాళ్లు, చాలామంది ఉన్నారు. ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న గ్వాదర్ రేవు 1958 దాకా ఒమన్‌దే, రాకపోకలు తరాల నాటివి. వాళ్లతో మన హైదరాబాద్ హిందీలో హాయిగా మాట్లాడొచ్చు.

ముందే డబ్బు కట్టిన సిటీ టూర్ మాత్రం దండగ. మిరానీ, జలాలీ కోటల ముందు ఫొటోలకు పది నిమిషాలిచ్చి, పోర్చుగీసువాళ్లు కట్టారని చెప్పి బస్సెక్కించేశారు. మర్నాడు దొరికిన టాక్సీ పెద్దాయన బలూచీ. అవే కోటలు చూపిస్తూ, పోర్చుగీసు ఓడలతో పోరాడి పట్టుబడిన బలూచీ వీరుడు హమ్మల్ కథ చెప్పారు. తమ పిల్లను పెళ్లాడమని వాళ్లడిగినా ఒప్పుకోలేదట.

రియామ్ పార్కు దగ్గర కారాపి బలూచీల ప్రేమకథ, హానీ, షే మురీద్‌లది, మొదలుపెట్టారు. మురీద్‌కి హానీతో పెళ్లి కుదిరింది. ఒకరోజు దాహంతో వచ్చిన రింద్ తెగ సర్దార్ చాకర్‌కి ఆమె నీళ్లలో గడ్డి పరకలు వేసి ఇచ్చింది. పరకలు తీసుకుంటూ మెల్లగా తాగాడు కాబట్టి ఒంటికి పడ్డాయి. అదే రోజు చాకర్‌కి కాబోయే భార్య ఇచ్చిన తేట నీళ్లు గటగటా తాగి మురీద్ జబ్బుపడ్డాడు. హానీ తెలివికి చాకర్ మనసు పడ్డాడు. గురువారం ఎవరేమడిగినా ఇస్తానని మురీద్ నిండు సభలో మాటిచ్చి ఉన్నాడు. చాకర్ పంపిన గాయకులు వచ్చి హానీనే అడిగారు. ఇచ్చేశాడు. ఫకీరై మక్కా వెళ్లి, ఏళ్ల తర్వాత తిరిగొస్తే అతనొక్కడే ఎక్కుపెట్టగల ఇనుప విల్లే అతనెవరో పట్టిచ్చింది. చాకర్ హానీని వదిలేసినా, మురీద్ ఆమెను స్వీకరించకుండా ఒంటెనెక్కి వెళ్లిపోయాడు.

ఇచ్చిన మాటను బలూచీలు కౌల్ అంటారు. పొలం కౌలుకిచ్చామంటామే, ఆ మాటే. నాకు హరిశ్చంద్రుడు గుర్తొచ్చాడు. అక్కడా భార్యను అమ్మింది మాట కోసమే. మురీద్ గొప్పవాడే, కానీ ఈ కథలో నా గుండె హానీ దగ్గరే ఆగిపోయింది.

"హానీని ఎవరూ అడగలేదా భయ్యా?" అంది మా ఆవిడ.

ఆయన కాసేపు సముద్రం వైపు చూశారు. "మా అమ్మ కూడా ఇదే అడిగేది, బెహన్" అన్నారు.