నమ్మకం దెబ్బతిన్నాక: వెళ్లిపోవడమా, ఉండి అడగడమా?

యేసు వల్ల రోమా పాలన కూలుతుందని ఆయన శిష్యులు ఆశపడితే సిలువ ఎదురైంది. పైగా ముప్పై వెండి నాణేలకు ఆయన్ని అప్పగించినవాడు పన్నెండు మంది ముఖ్య శిష్యుల్లో ఒకడే. ఆ తర్వాత శిష్యుల్లో రెండు దారులు బైబిల్లో కనిపిస్తాయి.

ఎమ్మాయు దారి (లూకా 24): ఇద్దరు శిష్యులు యెరూషలేము వదిలి ఎమ్మాయు అనే ఊరికి నడిచారు.
తోమా దారి (యోహాను 20): యేసు తిరిగి లేచాడని నమ్మకుండానే ఈ శిష్యుడు మిగతావాళ్లతో ఉన్నాడు.

మూల్యం: వెళ్లినవాళ్లకు తోటివాళ్లు దూరం. తోమాకు మాత్రం, "మేం ఆయన్ని చూశాం" అనేవాళ్ల మధ్య వారం రోజులు గడపాలి. నాకైతే ఇదే కష్టం. పక్కవాళ్లు సంబరపడుతుంటే మనం మొహం ఎక్కడ పెట్టుకోవాలి?

శ్రమ: ఎమ్మాయు వాళ్లది ఆమడ దూరం నడక. వచ్చి కలిసిన అపరిచితుడికి "ఆయనే విడిపిస్తాడనుకున్నాం" అని గోడు చెప్పుకున్నారు. తోమా అంత దూరం నడవలేదు. యేసు గాయాల్లో వేలు పెడితేగానీ నమ్మనని తెగేసి చెప్పాడు.

రిస్క్: వెళితే తిరిగి రాకపోవచ్చు. ఎమ్మాయు వాళ్లు అదే రాత్రి వచ్చేశారు. ఉంటే నటన అలవాటు కావచ్చు.

మోసం చేసినవాళ్లే ఇంకా పెత్తనం చేస్తుంటే ముందు బయటికి నడవండి, మాట్లాడుకునే తోడుతో. ప్రశ్నను భరించే మనుషులుంటే తోమాలా ఉండండి.