మూడు గుర్తులతో బైబిలు వాక్య చర్చ: 8 ఏళ్ల వాడకం తరువాత నా అభిప్రాయం

కోవూరులో మా ఇంటి వరండాలో ప్రతి బుధవారం రాత్రి జరిగే గృహ కూడికను నడిపించే బాధ్యత 8 ఏళ్ల క్రితం నాకు అప్పగించినప్పుడు, ఆదివారం విన్న ప్రసంగాన్ని కుదించి చెప్పి, చివర "ఏమైనా సందేహాలున్నాయా" అని అడగడమే చర్చ అనుకున్నాను. ఎవరికీ సందేహాలు ఉండేవి కావు. రెండు నెలలు అలా గడిచాక, కాలేజీ రోజుల్లో విద్యార్థుల సహవాసంలో నేర్చుకున్న స్వీడిష్ పద్ధతిని మొదలుపెట్టాను. స్వీడన్ విద్యార్థుల దగ్గర చూసి నేర్చుకున్నందువల్ల అడా లమ్ అనే బోధకురాలు దానికి ఆ పేరు పెట్టారు.

పద్ధతి చాలా సులువు. వాక్యభాగాన్ని ఒకరు నెమ్మదిగా చదివిన తరువాత, అందరూ మౌనంగా మళ్లీ చూసుకుంటూ, మనసుకు వెలుగు కలిగిన చోట దీపం, అర్థం కాని చోట ప్రశ్నార్థకం, తాను చేయవలసినది కనిపించిన చోట బాణం పెన్సిలుతో గుర్తు పెట్టుకుంటారు; ఆ తరువాత ఒక్కొక్కరూ తమ గుర్తు గురించి చెబుతారు. ఈ మూడింటిలో నేను అన్నిటికంటే విలువైనదిగా భావించేది ప్రశ్నార్థకం. సందేహం అడిగితే విశ్వాసం తక్కువని అనుకుంటారేమో అన్న భయం మన సంఘాల్లో చాలామందికి ఉంది. "నాకు ఇక్కడ అర్థం కాలేదు" అని చెప్పడం కూడా కూడికలో ఒక పనే అయినప్పుడు, ఆ భయం నెలల మీద గాని పోలేదు, కానీ పోయింది.

చదువు రాని వారి కోసం మేము చేసుకున్న మార్పు ఒకటి ఉంది. రెండోసారి చదువుతున్నప్పుడు వారు ఆపమన్న చోట ఆపుతాం, అదే వారి గుర్తు. రూతు అనే పేద విధవరాలు బోయజు అనే ఆసామి పొలంలో పరిగె ఏరుకునే రూతు గ్రంథం 2వ అధ్యాయం చదివిన రాత్రి, ఏడాదిగా ప్రార్థనకు తప్ప నోరు విప్పని ఒక పెద్దావిడ, రూతు ఏరినవి తూమెడు యవలయ్యాయని చెప్పే 17వ వచనం దగ్గర నన్ను ఆపారు. కోత మిషన్లు రాకముందు ఆమె కొడవలి పట్టిన మనిషి. "పరిగె ఏరితే చేరెడో దోసెడో వస్తాయి అబ్బయా, తూమెడు ఎట్టొచ్చినాయి? పైన ఇంకోసారి చదువు" అన్నారు. 16వ వచనం మళ్లీ చదివాను. పిడికెళ్ల కొద్దీ కావాలనే వదలమని బోయజు పనివాళ్లతో చెప్పాడు గాని, ఆ సంగతి రూతుతో చెప్పినట్టు వాక్యంలో లేదు. ఆమె కాసేపు ఆగి, "ఆ పిల్లకి తెలిస్తే సిగ్గుపడుద్దని చెప్పలేదు" అన్నారు. ఆ గంటలో మిగిలిన మాటలన్నీ దాని చుట్టూనే తిరిగాయి. మా కూలీలకు, మా ఇంట్లో పనిచేసే అమ్మాయికి మేము ఇచ్చేది ఎలా ఇస్తున్నామన్న దాకా వెళ్లాయి. "బోయజు ఎలాంటివాడు" అని నేను రాసుకుని వచ్చిన ప్రశ్న అడిగి ఉంటే "మంచివాడు" అన్న జవాబుతో ఆగిపోయేది.

మరుసటి వారం ఒక సవరణ చెప్పవలసి వచ్చింది. మా వైపు 20 తూములు ఒక పుట్టి, నెల్లూరు పుట్టి 850 కిలోలు, అంటే తూము 42 కిలోల పైమాటే. మూలభాషలో ఉన్న ఏఫా అనే కొలత సుమారు 22 లీటర్లే కనుక మన తూము కంటే చాలా చిన్నది. అది విన్నాక కూడా ఆమె, పరిగెకు అది ఎక్కువేనన్నారు. నడిపించే వ్యక్తి ప్రసంగించకపోయినా, ప్రసంగానికి సిద్ధపడినంతగా సిద్ధపడాలని నాకు ఈ పద్ధతి నేర్పింది. ఆ సిద్ధపాటు లేని రాత్రుల్లో ఎవరి అభిప్రాయం వారు చెప్పుకుని వెళ్లిపోయారు.

లోపాలు కూడా చెప్పాలి. బాణం తరచుగా పక్కవారి మీదికి పోతుంది. అత్తగారి బాణం కోడలికి, కోడలి బాణం భర్తకు తగిలేది. "నేను" అనే మాటతోనే మొదలుపెట్టాలని నియమం పెట్టుకున్నాక అది కొంత తగ్గింది. అత్తగారి ముందు మాట్లాడలేని కోడళ్లకు మాత్రం ఆ నియమం చాలలేదు. మొదటి 5 నిమిషాలు ఇద్దరిద్దరుగా కూర్చుని మాట్లాడుకోనిచ్చి, మగవారి కుర్చీలు తీసేసి అందరం చాపల మీద గుండ్రంగా కూర్చోవడం మొదలుపెట్టాకే వారి గొంతు వినిపించింది. పాస్టరుగారు వచ్చిన రోజున అందరి చూపు ఆయన వైపే తిరిగేది. విషయం చెప్పి, చివరి వరకు జవాబు ఇవ్వవద్దని వేడుకుంటే, ఆయన సంతోషంగా ఒప్పుకుని తానూ ఒక ప్రశ్నార్థకంతో కూర్చున్నారు.

బైబిల్లో ఉత్తరాలుగా రాసిన పత్రికలకు ఈ పద్ధతి అంతగా పనికిరాదు. రోమా పత్రిక 9వ అధ్యాయం నుంచి మూడు వారాలు ప్రయత్నిస్తే పేజీల నిండా ప్రశ్నార్థకాలే మిగిలాయి. అక్కడ వాదన ఎక్కడ మొదలై ఎక్కడికి వెళుతుందో ముందు ఒకరు బోధించి తీరాలి. కథాభాగాలకు, సువార్తలకు మాత్రం నేను వాడిన వాటిలో ఇంతకంటే మేలైనది లేదు. కొత్తగా మొదలుపెట్టేవారు మార్కు సువార్త 4వ అధ్యాయంలో తుపాను నిమ్మళించిన భాగం, 35 నుంచి 41 వరకు తీసుకోవచ్చు. ఆ 7 వచనాలకే మాకు గంట చాలలేదు. చేపల వేటకు వెళ్లే కుటుంబాల వారు మీ కూడికలో ఉంటే, ముందు వారినే మాట్లాడనివ్వండి.