పాత ట్రయంఫ్ కొనేవారికి హెచ్చరిక: ‘పూర్తి రీస్టోరేషన్’ అన్న బండిని విప్పితే బయటపడినవి

‘మ్యాచింగ్ నంబర్లు (ఇంజన్ నంబరూ ఫ్రేము నంబరూ ఒకటే), పూర్తి రీస్టోరేషన్ (మొత్తం విప్పి కొత్తదానిలా బాగుచేయడం)’ అన్న ప్రకటన చూసి 1969, 1970 మోడల్ బ్రిటిష్ మోటార్ సైకిల్ ట్రయంఫ్ బోనవిల్ కొనాలనుకుంటున్నవారు డబ్బు చెల్లించకముందే ఈ సంగతులు తెలుసుకోవాలని రాస్తున్నాను. ఆ మాటలతో నాకు అమ్మిన బండి గత ఏడాదిలో రోడ్డు మీద తిరిగిన కాలం కంటే విప్పి బల్ల మీద పరచి ఉన్న కాలమే ఎక్కువ. పాత యంత్రం కాబట్టి ఆమాత్రం తిప్పలు సహజమే అనేవారు ఉంటారు. నేను కూడా ఏళ్ల తరబడి పాత బండ్లతోనే కాలక్షేపం చేస్తున్నవాడిని కనుక, అరుగుదల వల్ల వచ్చే తిప్పలేవో, తెలిసి కప్పిపుచ్చిన లోపాలేవో వేరుచేసి చెప్పగలను. అమ్మిన వ్యక్తితో వ్యవహారం ఇంకా తేలనందున ఆయన పేరు రాయడం లేదు. ఆయన పద్ధతిని మాత్రం వివరంగా రాస్తున్నాను.

బండి 1970 మోడల్ టి120ఆర్ (బోనవిల్‌కు కంపెనీ వాడిన మోడల్ పేరు) అని ప్రకటనలో ఉంది. పాత 650 సీసీ ట్రయంఫ్‌లలో ఈ మోడల్‌కు గిరాకీ ఎక్కువ. 1963లో ఇంజనూ గేర్‌బాక్సూ ఒకే కేసింగులోకి వచ్చాక ఏటేటా జరిగిన మెరుగులన్నీ ఇందులో చేరాయి; ఆయిల్‌ను గొట్టంలోనే నింపుకునే కొత్త ఫ్రేము 1971లో వచ్చింది కనుక, పాత ఫ్రేముతో వచ్చిన చివరి మోడల్ కూడా ఇదే. గిరాకీ ఉన్నచోటే నకిలీకి లాభం ఉంటుంది.

ముందుగా నంబర్ల సంగతి చెప్పాలి. ఈ కాలపు ట్రయంఫ్‌లలో ఇంజన్ నంబరు ఎడమవైపు, సిలిండర్ బ్యారెల్‌కు కాస్త కింద క్రాంక్‌కేసు (ఇంజన్ అడుగుభాగపు పెట్టె) మీద ఉంటుంది. ఫ్రేము నంబరు హ్యాండిల్ దగ్గర, ఫ్రేము ముందుభాగంలో ఎడమవైపు ఉంటుంది. కంపెనీ నుంచి వచ్చిన బండిలో ఈ రెండూ ఒకటే. నంబరుకు ముందున్న రెండు అక్షరాలలో మొదటిది తయారైన నెలను, రెండవది మోడల్ సంవత్సరాన్ని సూచిస్తాయి. సి అంటే 1969, డి అంటే 1970. నాకు వచ్చిన బండిలో అక్షరాలూ అంకెలూ రెండుచోట్లా చక్కగా సరిపోయాయి. అయితే 1969 ప్రాంతం నుంచి ట్రయంఫ్ కంపెనీ ఇంజన్ నంబరు పడే చోట తన పేరునే చిన్న చిన్న ఉబ్బెత్తు అచ్చులుగా పరచి, వాటి మీద నంబరు కొట్టేది. ఎవరైనా పాత నంబరును ఆకురాయితో అరగదీస్తే దానితోపాటు ఆ అచ్చులూ పోతాయి. నా బండిలో ఆ చోటు అద్దంలా నున్నగా ఉంది. ప్రకటనలోని ఫొటోలన్నీ మళ్ళీ తిరగేశాను: ప్రతి ఫొటోలో ఆ చోటు ఏదో ఒక కేబుల్ వెనుకో, నీడలోనో ఉంది. అన్ని ఫొటోలలోనూ అలా పడడం యాదృచ్ఛికమని నేను నమ్మను.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. నంబరు లేని క్రాంక్‌కేసులను విడిభాగాలుగా కంపెనీ అమ్మిన మాట నిజమే, అటువంటి ఇంజన్ ఉన్నంత మాత్రాన బండి దొంగబండి కాదు. కానీ నిజాయితీగా అమ్మేవారు ఆ విషయం ముందే చెప్పి, ధర కూడా తగ్గిస్తారు. నా అనుమానం తీరింది ఇంజన్ దించి తిరగేసినప్పుడు. క్రాంక్‌కేసు రెండు సగాలను కంపెనీ జతగానే మెషీన్ చేసి, రెండింటి అడుగునా ఒకే జత నంబరు కొట్టేది. నా ఇంజన్‌లో ఎడమ సగానిది ఒక నంబరు, కుడి సగానిది మరొకటి. అంటే రెండు వేర్వేరు ఇంజన్ల ముక్కలను కలిపి, పైన ఫ్రేముకు సరిపడే నంబరు కొట్టి, ‘మ్యాచింగ్’ అన్నారు. ఇది కేవలం విలువకు సంబంధించిన లోపం కాదు. జత కాని సగాలలో మెయిన్ బేరింగులు ఒకే వరుసలో కూర్చుంటాయన్న హామీ లేదు. అలా కూర్చోకపోతే క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) మీద పడే ఒత్తిడికి బేరింగులు తొందరగా పోతాయి.

ఇక ‘పూర్తి రీస్టోరేషన్’ అన్న మాట. ఈ ఇంజన్లలో నేటి బండ్లలో ఉండే కాగితపు ఆయిల్ ఫిల్టర్ లేదు, జల్లెడలు మాత్రమే ఉన్నాయి. జల్లెడ దాటిన మడ్డి క్రాంక్‌షాఫ్ట్ లోపలి గొట్టంలో, తిరిగే వేగానికి అంచులకు చేరి పేరుకుంటుంది. దానినే స్లడ్జ్ ట్రాప్ అంటారు. అది నిండిపోతే, పిస్టన్ రాడ్లు క్రాంక్‌షాఫ్ట్‌కు కలిసేచోట ఉండే బిగ్ ఎండ్ బేరింగులకు ఆయిల్ అందదు. దానిని శుభ్రం చేయాలంటే ఇంజన్ మొత్తం విప్పి, క్రాంక్‌షాఫ్ట్ బయటికి తీయక తప్పదు. కాబట్టి ఇంజన్ పూర్తిగా చేయించామని చెప్పేవారిని స్లడ్జ్ ట్రాప్ ఫొటో ఒక్కటి అడగండి. నిజంగా చేయించినవారు ఆ మడ్డిని గర్వంగా చూపిస్తారు, మాబోటివాళ్ళకు అదొక సరదా. నాకు అమ్మిన వ్యక్తి ఆ పేరు వినగానే రంగు గురించీ క్రోమ్ గురించీ మాట్లాడారు. నేను విప్పినప్పుడు ఆ గొట్టంలోని మడ్డి గట్టిపడి ఉంది, ఉలితో గీకవలసి వచ్చింది.

పెట్రోల్ ట్యాంకు విషయంలోనూ ఇదే తంతు. బయట మెరిసే రంగు కింద మందంగా పుట్టీ పెట్టారు. లోపల తుప్పు తీయకుండా సీలర్ (లీకులు ఆపే పూత) పూశారు. పాతరకం సీలర్లలో కొన్ని ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కు తట్టుకోలేక కరిగి, జిగురుగా మారి, కార్బురేటర్ జెట్లను, అంటే పెట్రోల్ వెళ్ళే సన్నని రంధ్రాలను, మూసేస్తాయి. నా బండిలో జరిగింది అదే.

చూడడానికి వెళ్ళేవారు ఇంజన్ చల్లగా ఉండాలని ముందే చెప్పి, వెళ్ళగానే దానిమీద చెయ్యి పెట్టి చూడండి. నేను వెళ్ళేసరికి ఇంజన్ వెచ్చగా ఉంది, ‘మీకోసమే ఒక రౌండు వేసి తెచ్చాను’ అన్నారు. ఎక్కువ రోజులు నిలిపిన ఈ బండ్లలో ఆయిల్ ట్యాంకులోని ఆయిల్ క్రాంక్‌కేసులోకి దిగిపోవడం, స్టార్ట్ చేయగానే విపరీతంగా పొగ రావడం వంటి లోపాలు చల్లని ఇంజన్‌లోనే బయటపడతాయి.

కాగితాల దగ్గర మరింత జాగ్రత్త అవసరం. ప్రకటనలో అన్ని హామీలు ఇచ్చిన వ్యక్తే, రశీదులో చివరి వరుసగా ‘ఉన్నది ఉన్నట్టుగా అమ్మడమైనది’ అని చేర్చారు. నేను నిలదీసిన తర్వాత ఆ ప్రకటన మాయమైంది; ముందే దాచుకున్న ప్రతి ఉన్నందువల్లనే ఈరోజు నా వాదనకు ఆధారం మిగిలింది. ప్రకటనలోని హామీలను మాటమాటకూ రశీదులో రాయించండి, రాయడానికి వెనుకాడితే అక్కడితో ఆపేయండి. బ్రిటన్‌లో 1946లో ఏర్పడిన వింటేజ్ మోటార్ సైకిల్ క్లబ్ దగ్గర ట్రయంఫ్ కంపెనీ రికార్డులు ఉన్నాయి. నంబరు పంపి వాటిని చూపించమంటే, బండి ఏ మోడల్‌గా తయారై ఎటు వెళ్ళిందో కొనకముందే తెలుసుకునే వీలుంది.

ప్రస్తుతం క్రాంక్‌కేసు సగాలను కొలతలు తీయడానికి మెషీన్ షాపులో ఇచ్చాను, డబ్బు వాపసు కోరుతూ పంపిన ఉత్తరానికి జవాబు రాలేదు. ఈలోగా అదే వ్యక్తి 1969 మోడల్ బోనవిల్ ఒకటి, దాదాపు అవే మాటలతో అమ్మకానికి పెట్టారు. ఫొటోలలో ఇంజన్ నంబరు ఉండే చోటు ఈసారి కూడా కేబుల్ వెనుకే ఉంది. ఆ ప్రకటన చూసి ఎవరైనా బయానా ఇవ్వబోతుంటే, ఆ కేబుల్ పక్కకు తీసి, పగటి వెలుగులో, దగ్గరగా తీసిన ఫొటో ముందు అడగండి.