గడియారం వెనక మూత

జెనీవా వెళ్ళి మంచి గడియారం కొనుక్కోవాలని నాలాగే పదేళ్ళుగా డబ్బు దాచుకుంటున్నవారు ఎవరైనా ఉంటే ముందే చెబుతున్నాను: ఆ డబ్బు పట్టుకుని అక్కడికి వెళ్ళకండి. మ్యూజియం చూడటానికి వెళ్ళండి. చూశాక మర్నాడే రైలెక్కి జూరా కొండల్లోని లా షో-ద-ఫోన్‌కు వెళ్ళిపోండి. చేతికి తాతగారిదో నాన్నగారిదో పాత గడియారం ఉంటే ఇంకా మంచిది. నాకు ఈ మాట ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాణ్ణి కానేమో.

2024 జూన్‌లో వెళ్ళాం. నేను, మా ఆవిడ, జ్యూరిక్‌లో ఉద్యోగం చేస్తున్న మా తోడల్లుడు. నా కోరిక చాలా చిన్నది. స్టీలు కేసు, చెయ్యి కదిలితే తనంతట తానే కీ తిరిగే యంత్రం, మూడు ముళ్ళు, తేదీ గడి. 6,000 ఫ్రాంకులు దాటకూడదు. తోడల్లుడి దృష్టిలో మాత్రం గడియారమంటే శంకర్‌పల్లిలో ప్లాటు లాంటిది. “ఇప్పుడు కొని మూడేళ్ళు బీరువాలో పెట్టండి అన్నయ్యా, రెట్టింపవుతుంది” అన్నాడు. పెట్టుకోని గడియారం ఎందుకని మా ఆవిడ అడిగింది. “పెట్టుకుంటే గీతలు పడతాయి వదినా!” అన్నాడు. ఆ తరవాత వారం రోజులు వాళ్ళిద్దరి మధ్య ఆ వాదం తెగలేదు.

జెనీవాలో స్టేషను దగ్గరి హోటలుకు రాత్రికి 190 ఫ్రాంకులు. ఆ రోజుల్లో ఫ్రాంకు 93 రూపాయలు. గదిలో ఏసీ లేదు, ఫ్యాను లేదు. కిటికీ మూస్తే ఉక్క, తెరిస్తే ట్రాముల రొద. ఫ్యాను అడిగితే, హోటలు మొత్తానికి రెండే ఉన్నాయని, రెండూ మూడో అంతస్తువారు తీసుకున్నారని రిసెప్షన్‌లోని అమ్మాయి చెప్పింది. మా ఆవిడ బెజవాడ ఎండల్లో పుట్టి పెరిగిన మనిషి. “చెమట పట్టించుకోవడానికి పద్దెనిమిది వేలా?” అని రాత్రి రెండింటికి లేచి కూర్చుని లెక్క వేసింది. ఊళ్ళో బస్సులు, ట్రాములు ఉచితంగా ఎక్కే కార్డు హోటలువాళ్ళు ఇచ్చారు. ఆ బస గురించి చెప్పుకోదగ్గ మంచి అదొక్కటే. సోమవారం పొద్దున్నే ఆ కార్డుతో పాటెక్ ఫిలిప్ అనే గడియారాల కంపెనీవారి మ్యూజియానికి వెళ్తే తలుపులు మూసి ఉన్నాయి. ఆది, సోమవారాలు సెలవట. తప్పు నాదే, చూసుకోలేదు. నదిలో బాతులను చూసి వెనక్కి వచ్చాం.

మంగళవారం ఉదయం దుకాణానికి వెళ్ళాం. పేరు చెప్పను. నది పక్కన, సంపన్నులు తిరిగే వీధిలో ఉంది. తలుపు దగ్గర నల్లకోటు మనిషి మా ముగ్గురినీ పైనుంచి కింది దాకా చూసి లోపలికి రానిచ్చాడు. పదేళ్ళుగా బొమ్మల్లో చూస్తున్న గడియారం ఎదురుగా అద్దాల పెట్టెలో కనిపించింది. చూడవచ్చా అని అడిగాను. అమ్మే యువకుడు ముందు నా మొహం చూడలేదు, నా మణికట్టు చూశాడు. దాని మీద మా తాతగారి పాత ఫావ్రే ల్యూబా గడియారం ఉంది. చిరునవ్వు నవ్వి, “అది ప్రదర్శనకు మాత్రమే” అన్నాడు. మరి అమ్మేది ఎక్కడ ఉందని అడిగాను. అమ్మేది లేదు, పేరు రాసుకుంటాం అన్నాడు. ఎన్నాళ్ళు పడుతుందంటే చెప్పలేం అన్నాడు. తరవాత చాలా మర్యాదగా, “ఇంతకు ముందు మా దగ్గర ఏమేమి కొన్నారు?” అని అడిగాడు. ఏమీ కొనలేదని చెప్పాను. అప్పుడు తెల్లటి చేతి తొడుగులు వేసుకుని, సొరుగులోంచి వజ్రాలు పొదిగిన ఆడవాళ్ళ గడియారం తీసి మా ఆవిడ ముందు పెట్టాడు. వెల 14,200 ఫ్రాంకులు. ఇలాంటిది ఒకటి తీసుకుంటే మా సంబంధం బలపడుతుంది అన్నాడు. బాబూ, మేము పెళ్ళి సంబంధానికి రాలేదు అని తెలుగులో అన్నాను. మా ఆవిడ నవ్వు ఆపుకోలేక పక్కకు తిరిగింది. ఆ రోజంతటిలో ఆమె నవ్వింది అప్పుడే.

చివరికి పేరు, ఫోను నంబరు రాసి ఇచ్చాను. తోడల్లుడు తన పేరు కూడా రాశాడు. ఇద్దరికీ ఈనాటి వరకు ఫోను రాలేదు. ఇష్టమైన వస్తువు అమ్మాలంటే ఇష్టం లేని వస్తువు కూడా కొనమనడం మా చిన్నప్పటి రేషను షాపులోనూ చూశాను. కాకపోతే అక్కడ తొడుగులు వేసుకునేవాళ్ళు కాదు.

కొనగలిగి ఉన్నా లాభం లేదని ఆ మధ్యాహ్నం కాగితం మీద తేలింది. 6,000 ఫ్రాంకులంటే 5,58,000 రూపాయలు. విమానాశ్రయంలో తిరిగి వచ్చే పన్ను 8.1 శాతం అంటారు కానీ ధరలో కలిసి ఉన్నదాన్ని విడదీస్తే 450 ఫ్రాంకులే, అందులోనూ మధ్యవర్తి కంపెనీ కొంత కోసుకుంటుంది. ఇటు శంషాబాదులో దిగాక అప్పటి నిబంధన ప్రకారం 50 వేలు మినహాయించి మిగతాదానిపై 38.5 శాతం సుంకం కట్టాలి. అది 1,95,580 రూపాయలు. అంటే హైదరాబాదులో కొంటేనే మేలు. చేతికి పెట్టుకుని, సుంకం కట్టే వస్తువులు లేనివాళ్ళు వెళ్ళే గ్రీన్ ఛానెల్లోంచి నడిచి వచ్చేయమని తోడల్లుడి సలహా. దొరికితే వస్తువు పోతుంది, పరువూ పోతుంది. నేను ఒప్పుకోలేదు.

ఆ పూట మ్యూజియం తెరిచి ఉంది. టికెట్టు 10 ఫ్రాంకులు, మంగళవారం తెరిచేది మధ్యాహ్నం రెండింటికి, ఫోటోలు తీయనివ్వరు. జెనీవాలో నేను ఖర్చుపెట్టిన డబ్బులో నూటికి నూరు పాళ్ళు గిట్టుబాటైనవి ఆ పదే. 16వ శతాబ్దం నాటి జేబు గడియారాలు, పింగాణీ పూత మీద వెంట్రుకంత కుంచెతో వేసిన బొమ్మలు, కీ ఇస్తే కదిలే బొమ్మల పెట్టెలు. సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే బొమ్మ కోసం నేల మీద చతికిలబడి ఎదురుచూసినవారికి ఇక్కడ నాలుగు గంటలు నాలుగు నిమిషాల్లా గడుస్తాయి. కంపెనీ 150వ ఏట, 1989లో చేసిన కాలిబర్ 89 అనే గడియారం ముందు మా తోడల్లుడు కూడా నోరు మూసుకున్నాడు. 1,728 భాగాలు, కిలోకు పైగా బరువు. ఏటేటా మారే ఈస్టర్ తేదీని కూడా గాట్లు కోసిన చక్రంతో చూపే ఏర్పాటు అందులో పెట్టారు. మన పంచాంగకర్తలు చూస్తే తిథి, నక్షత్రం ఎందుకు పెట్టలేదని అడిగేవారు.

బయటికి వచ్చాక ఒక పాత గడియారాల దుకాణంలో గంట సేపు నిలబడి నా పాండిత్యం ప్రదర్శించాను. పాత వస్తువులో మొదట చూడవలసింది కేసు అంచులని, మాటిమాటికీ పాలిష్ పట్టించినవాటికి పట్టీ తగిలించే కొమ్ములు సబ్బుబిళ్ళలా అరిగి గుండ్రబడతాయని మా ఆవిడకు పాఠం చెప్పాను. డయలు మరీ తళతళలాడితే అనుమానించాలని, అరవై ఏళ్ళ డయలు అరవై ఏళ్ళ మొహంలాగే ఉండాలని చెప్పాను. ఇవన్నీ నిజమే. తరవాత నా పరువు తీసిందీ ఇవే.

బుధవారం లా షో-ద-ఫోన్‌కు బయలుదేరాం. తోడల్లుడి మాట విని ఇద్దరికీ నాలుగు రోజుల స్విస్ ట్రావెల్ పాసులు కొన్నాను, ఒక్కోటి 295 ఫ్రాంకులు. శుద్ధ దండుగ. ఆ ఊరు ఉన్న న్యూషాటెల్ ప్రాంతంలో ఒక రాత్రి బస చేస్తే చాలు, అక్కడి రైళ్ళకు, బస్సులకు, మ్యూజియాలకు చెల్లే కార్డు బసవాళ్ళే ఉచితంగా ఇస్తారు. రాకపోకలకు విడి టికెట్లు కొనుక్కుని ఉంటే సగానికి పైగా మిగిలేది. తోడల్లుడితో ఆ పూట నేను పెద్దగా మాట్లాడలేదు.

న్యూషాటెల్‌లో మారిన రైలు కొండెక్కుతూ షాంబ్రెలియన్ అనే స్టేషనులో ఆగి, వచ్చిన దిక్కుకే బయలుదేరుతుంది. మా ఆవిడ కంగారుపడి సామాను అందుకుంది. దారి అంతేనట, ముందుకూ వెనక్కూ నడుస్తూ కొండెక్కుతుంది. ఊరు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది, చల్లగా ఉంది, మా ఆవిడ మొహం తేటపడింది. 1794లో ఊరు తగలబడిపోతే వీధులన్నీ గీత గీసినట్టు తిన్నగా, వరసగా మళ్ళీ కట్టారు. గడియారాల పని ఇళ్ళలోనే జరిగేది కాబట్టి ప్రతి బల్ల మీదా వెలుగు పడాలి. ఊరంతా ఒకే కార్ఖానాలా ఉందని మార్క్స్ ‘పెట్టుబడి’లో రాశాడు. పక్కనున్న లె లోక్ల్‌తో కలిపి 2009లో యునెస్కో జాబితాలో చేర్చారు. మేము దిగిన రెండు గదుల ఇంటికి రాత్రికి 110 ఫ్రాంకులు. వంటగది ఉంది, గోడ సగం కిటికీలే. మా ఆవిడ అన్నం వండి గోంగూర పచ్చడి సీసా తీసింది. జెనీవాను అప్పుడు క్షమించాను.

అంతర్జాతీయ గడియారాల మ్యూజియం నేల లోపల ఉంది, 1974లో కట్టారు. కార్డు లేకపోతే 15 ఫ్రాంకులు. దాని గురించి పేజీలు రాయవచ్చు కానీ ఒక్కటి చెబుతాను. అద్దం వెనక పాత గడియారాలను బాగుచేసేవాళ్ళు పని చేసుకుంటూ ఉంటారు, మనం నిలబడి చూడవచ్చు. ఒకామె యంత్రంలో అటూ ఇటూ ఊగే బాలెన్స్ చక్రాన్ని చిమటాతో ఎత్తి దించడం చూశాను. ఊపిరి బిగపట్టింది ఆమె కాదు, నేను. ఆ అద్దం దగ్గర నిలబడ్డప్పుడే నా చేతి గడియారం రోజుకు నాలుగు నిమిషాలు వెనకపడుతోందన్న సంగతి సిగ్గుగా గుర్తొచ్చింది.

మేము దిగిన ఇంటి యజమానురాలు చెప్పిన గడియారాలు బాగుచేసే చోటికి మెట్లెక్కి రెండో అంతస్తుకు వెళ్తే ఒక ముసలాయన ఒక్కడే కూర్చుని ఉన్నాడు. బోర్డు లేదు, తొడుగులు లేవు. తోడల్లుడు తనకొచ్చిన ఫ్రెంచిలో మాట కలిపాడు. గడియారం చూడగానే ఆయన మొహం వెలిగింది. ఫావ్రే ల్యూబా పేరు 1737లో పక్కనే లె లోక్ల్‌లో మొదలైంది, భారతదేశంతో ఆ కంపెనీ వ్యాపారం 19వ శతాబ్దం నాటిది. మా ఇంట్లో దాన్ని ఫేవర్‌లూబా అనేవారని చెబితే ఆయన ఆ పేరును రెండుసార్లు పలికి చూసుకున్నాడు.

తరవాత భూతద్దం కంటికి తగిలించుకుని డయలు చూశాడు. ఏమీ అనకుండా భూతద్దం నాకిచ్చాడు. చూశాను. ‘సీ కింగ్’ అన్న మోడల్ పేరు అక్షరాలు ముద్దగా ఉన్నాయి, నాలుగో గంట దగ్గర నిమిషాల గీతలు గంటను చూపే లోహపు ముక్క కిందికి దూరకుండా పక్కకు జరిగి ఉన్నాయి. ఎప్పుడో ఎవరో మన దేశంలోనే రంగు వేయించిన డయలు. జెనీవాలో పాఠం చెప్పింది నేనే. మా ఆవిడ నా వైపు చూసి ఏమీ అనకపోవడం అన్నదానికంటే ఎక్కువ బాధించింది. కొత్త డయలు దొరుకుతుందా అని అడిగాను. దొరుకుతుంది కానీ వద్దు, ఇది దీని బతుకు అన్నాడు. లోపల యంత్రం మాత్రం అసలుదేనట. విప్పి, కడిగి, నూనె వేసి ఇవ్వడానికి 240 ఫ్రాంకులు, శుక్రవారం రమ్మన్నాడు. “గడియారం ఖరీదే అంత ఉండదు అన్నయ్యా” అని తోడల్లుడు నా చెవిలో గొణిగాడు.

అప్పుడే ఆయన వెనక మూత తిరగేసి, లోపలివైపు దీపం కింద పెట్టి, ఇదేమి లిపి అని అడిగాడు. బాగుచేసినవాళ్ళు మూత లోపల సూదితో గుర్తు గీసుకోవడం అన్ని దేశాల్లోనూ ఉన్న అలవాటే. అక్కడ రెండు ఇంగ్లీషు పొడి అక్షరాలు, కొన్ని అంకెలు ఉన్నాయి. వాటి కింద 12-4-71 అని తేదీ, దాని పక్కన నువ్వుగింజంత తెలుగు అక్షరం. సు. మా ఆవిడ భూతద్దం లాక్కుని చూసి, ‘సు’ కాదు ‘ను’ అంది. గడియారాన్ని ఆమె తనంతట తాను అంత దగ్గరగా చూసింది ఆ వారంలో అదే మొదటిసారి. ముసలాయన రెండింటినీ కాగితం మీద రాయించుకుని, మూతతో పోల్చి, మా ఆవిడ పక్షమే వహించాడు.

గురువారం లె లోక్ల్ వెళ్ళాం. కొండ మీది పాత భవంతిలో మరో గడియారాల మ్యూజియం ఉంది, బాగుంది. జెనిత్ అనే గడియారాల కంపెనీ కార్ఖానా బయటినుంచే చూశాం, ముందుగా బుక్ చేసుకోవాలి. 1975లో అమెరికా యజమానులు మెకానికల్ గడియారాల పనిముట్లు పారేయమంటే, షార్ల్ వెర్మో అనే ఉద్యోగి వాటిని అటకమీద దాచిపెట్టింది అక్కడే. సెకనుకు పదిసార్లు కొట్టుకునే వాళ్ళ యంత్రం ఆయన పుణ్యాన మళ్ళీ ప్రాణం పోసుకుంది.

శుక్రవారం గడియారం తీసుకున్నాను. రోజుకు పన్నెండు సెకన్లు ముందుకు పోతోంది. మూత లోపల ‘ను’ కింద ఆయన తన గుర్తు, తేదీ గీశాడు. దాచుకున్న డబ్బు బ్యాంకులో అలాగే ఉంది.

హైదరాబాదు వచ్చాక ఆ ‘ను’ ఎవరని మా పెద్దత్తయ్యను అడిగాను. ఆమెకు ఎనభై ఆరేళ్ళు. గడియారం బాగుచేసినాయన ఏలూరు రోడ్డులో మెట్ల కింద కూర్చునేవాడట, ఒక కాలు కుంటి, పేరు గుర్తులేదంది. తాతగారు ఆయనకు అడిగినదానికంటే రెండు రూపాయలు ఎక్కువ ఇచ్చి వచ్చారని, గడియారం ఖరీదెంత, బాగుచేయించినదెంత అని నాయనమ్మ మూడు రోజులు మాట్లాడలేదట.