ఆక్టేవ్: అడక్కుండానే పెరిగిపోయే మ్యాట్రిక్స్

ఆక్టేవ్ అంటే అంకెల పట్టికలతో లెక్కలు చేసే ప్రోగ్రామింగ్ భాష. దాని గురించి అందరికీ తెలిసినవి మళ్లీ చెప్పను. ఉచితం, మ్యాట్‌ల్యాబ్ (డబ్బు పెట్టి కొనే ఇలాంటి సాఫ్ట్‌వేర్) వచ్చినవాళ్లకి కొత్తగా నేర్చుకునేది పెద్దగా ఉండదు, పాత కంప్యూటర్ల మీదా నడుస్తుంది. శ్రీకాకుళంలో మా కాలేజీ ల్యాబ్‌కి అంతకన్నా అక్కర్లేదు. మండలాలవారీ వర్షపాతం పట్టికలు ఏళ్లుగా దీంట్లోనే కడుతున్నాను, పిల్లల చేతా కట్టిస్తున్నాను. ఇన్నేళ్లలో నాకు బాగా నచ్చిందీ, ఒళ్లు మండించిందీ దీని ఒకే ఒక్క గుణం. చోటు చాలకపోతే మ్యాట్రిక్స్, అంటే అంకెల పట్టిక, తనంతట తనే పెరుగుతుంది.

ఖాళీ బ్రాకెట్లతో మొదలుపెట్టి, 'ఎండ్ ప్లస్ వన్' (ఆఖరిదాని తర్వాతిది) అన్న స్థానంలో కొత్త రో, అంటే అడ్డు వరస, పెడితే అది కింద అతుక్కుంటుంది. కొలతలో తేడా ఉంటే ఊరుకోదు. బ్రాకెట్లో 31 రోజుల పట్టిక, సెమీకోలన్, 30 రోజుల రో రాసి చూడండి, 'వర్టికల్ డైమెన్షన్స్ మిస్‌మ్యాచ్' అని ఆపేసి రెండు కొలతలూ చూపిస్తుంది. తీసేయడం ఇంకా సులువు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు మా 38 మండలాల్లో ఎనిమిది వెళ్లిపోయాయి. పాలకొండ, సీతంపేట, భామిని, వీరఘట్టం మన్యం జిల్లాకి, రాజాం, వంగర, రేగిడి ఆమదాలవలస, సంతకవిటి విజయనగరానికి. ఆ ఎనిమిది రోల నంబర్లు ఇచ్చి ఖాళీ బ్రాకెట్లతో సమానం అన్నాను, 30 మిగిలాయి. సర్కారుకి ఎన్ని కాగితాలు పట్టాయో గానీ నాకు ఒక్క లైన్ పట్టింది.

నెమ్మది సంగతి చాలామంది చెబుతారు, నిజమే. లూప్‌లో, అంటే ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే కోడ్‌లో, ఒక్కో రో అతికిస్తూ పోతే ప్రతిసారీ కొత్త చోటు తీసుకుని పాతదంతా అక్కడికి కాపీ చేస్తుంది. ఒక్క గది ఎక్కువ కావాలని ప్రతిసారీ సామానంతా మూటగట్టి ఇల్లు మారడం లాంటిది. పైగా ఆక్టేవ్ మెమరీలో కాలమ్ (నిలువు వరస) వెనక కాలమ్ పేరుస్తుంది కాబట్టి, రో పెంచితే ప్రతి కాలమ్ చివరా చోటు చేయాలి. రోలన్నీ ముందు సెల్ అరేలో (ఒక్కో అరలో ఏదైనా పెట్టుకోగల జాబితా) వేసుకుని ఆఖర్లో ఒకదాని కింద ఒకటి పేర్చే 'వెర్ట్‌క్యాట్'తో ఒకేసారి కలిపితే ఆ బాధ పోతుంది. నెల పట్టికకి అదీ అక్కర్లేదు. నా కోపం దాని మీద కాదు.

కోపమంతా 2018 అక్టోబర్ పట్టిక దగ్గర. తిత్లీ తుపాను ఆ నెల 11న తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది, మా జిల్లాలో అది మరిచిపోయినవాళ్లు ఉండరు. రిజిస్టర్ల నుంచి పిల్లలు టైప్ చేసిన ఫైల్‌ని లూప్ చదువుతోంది. మండలం నంబర్ రో, తేదీ కాలమ్, అక్కడ వాన మిల్లీమీటర్లు. మ్యాట్రిక్స్ ముందే 38 బై 31 సున్నాలతో కట్టి ఉంది. అంతా సాఫీగా నడిచింది, ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. రోజువారీ సగటు చూస్తే మాత్రం ఏ మండలానికి చూసినా వాన పడీ పడనట్టుంది. పక్కనే నిలబడ్డ కుర్రాడు, "ఏటి మాస్టారూ, తిత్లీ వచ్చిన నెల్లో వాన నేదంటాదేటి ఇది?" అన్నాడు.

మొత్తాలు కూడితే రిజిస్టర్‌తో సరిగ్గా సరిపోయాయి. టెన్షన్ అక్కడే మొదలైంది. మొత్తం ఒప్పై సగటు తప్పెలా అవుతుంది? చివరికి సైజ్ అడిగితే 38 బై 113 అంది. టైప్ చేసిన ల్యాప్‌టాప్‌లో ఒకటి అంకె కీ ఎప్పుడైనా ఒకసారి ఒక నొక్కుకి రెండుసార్లు పడుతోంది. ఒక్క మండలానికి, ఒక్క రోజు, 13 కాస్తా 113 అయింది. ఆ ఒక్క గడి కోసం ఆక్టేవ్ 38 మండలాలకీ 82 కొత్త కాలమ్‌లు తెరిచి, మిగతా గడులన్నీ సున్నాలతో నింపేసింది. 31తో భాగించాల్సింది 113తో భాగిస్తే సగటు నాలుగో వంతుకి దిగిపోదూ!

అదే లేని గడిని చదవమని అడిగి చూడండి, 'అవుట్ ఆఫ్ బౌండ్' అని వెంటనే ఆపుతుంది. రాయమంటే మాత్రం నోరెత్తదు. ముందే కొలత చెప్పి కట్టినా అది కంచె కాదు. వేరే లెక్కల్లో అయితే ఈ సున్నాలు కంట్లో పడేవేమో. వర్షపాతంలో సున్నా అంటే వాన పడని రోజు, అసలైన రీడింగ్. తుపాను వారంలో 13వ తేదీన ఆ మండలంలో చినుకు పడలేదని పట్టిక చెబుతుంటే, దాన్ని చూసి ఇది లెక్క కాదు, నింపుడు అని ఎవరు కనిపెడతారు?

అందుకని పైన మెచ్చుకున్నదాన్ని కాస్త తగ్గించి చదువుకోండి. ఇప్పుడు పట్టికని సున్నాలతో కాక 'నాన్'తో (ఇది అంకె కాదు అనే గుర్తు) నింపి మొదలుపెడుతున్నాను. రాయని గడి ఏదైనా ఉంటే సగటు కూడా నాన్ అయి అల్లరి చేస్తుంది. అదీ సగం వైద్యమే. పెరిగిన భాగాన్ని ఆక్టేవ్ మళ్లీ సున్నాలతోనే నింపుతుంది, మీరు మొదట ఏం నింపారన్నది దానికి పట్టదు. కాబట్టి లూప్ అవగానే సైజ్ 38 బై 31 అవునా కాదా అని చూసి, కాకపోతే ఎర్రర్‌తో ఆపే 'అసర్ట్' ఒక లైన్ తప్పదు. 2022 తర్వాతి పట్టికలకి ఆ 38 కాస్తా 30 అవ్వాలి, పాత ప్రోగ్రామ్‌లన్నీ వెతుక్కుని మార్చుకోవాలి. మండలాలు తీసేశాక రో నంబర్లు ముందుకి జరిగిపోతాయన్నది ఇంకో తలనొప్పి. ఎవరు ఏ వరసలో ఉన్నారో పేర్ల జాబితా పక్కనే పెట్టుకుంటున్నాను.

పైథాన్ భాషలో ఇలాంటి లెక్కలకి వాడే నంపై అయితే హద్దు దాటి రాయబోతే ఎర్రర్ ఇచ్చి ఆపుతుంది. కొత్త బ్యాచ్‌లకి అదే చెప్పమంటున్నారు, చెబుతున్నాను కూడా. ఇతరులు టైప్ చేసిన డేటా నేరుగా లూప్‌లోకి పోయే పనైతే నేనూ అటే మొగ్గుతాను. నావి చిన్న పట్టికలు, రిటైర్మెంట్ దూరం లేదు, చేతికి అలవాటైన ప్రోగ్రామ్‌లన్నీ ఆక్టేవ్‌లోనే ఉన్నాయి. నా మట్టుకు ఆ అసర్ట్ లైన్ పెట్టుకుని దీంతోనే నెట్టుకొస్తాను. ఉపగ్రహ చిత్రాల్లాంటి పెద్ద డేటాతో పని ఉన్నవాళ్లు నా మాట పట్టుకోకండి.