లైట్ల లాంచ్‌ప్యాడా, పదహారు ప్యాడ్ల ఎంపీడీనా: ఏది మేలు?

తాడిపత్రిలో ఉండే మా చిన్నాన్న కొడుకు పోయిన ఆదివారం ఫోన్ చేసి, "అన్నా, రంగురంగుల లైట్లు వెలిగేది కొనాలా, పదహారు ప్యాడ్లది చాలా?" అని అడిగాడు. కంప్యూటర్‌కి తగిలించి, వేళ్లతో కొట్టి బీట్లు కట్టే ప్యాడ్ల పెట్టెల సంగతి అది. వాడు డిగ్రీ రెండో సంవత్సరం, ఊర్లో చెక్కభజన వాళ్లతో తిరుగుతాడు, చేతిలో తాళం గట్టిగా ఉంది, పెళ్లి వీడియోలకు బీట్లు కట్టి ఇప్పుడిప్పుడే నాలుగు డబ్బులు చూస్తున్నాడు. అరగంట చెప్పాను గానీ సగం మాటలు నెట్‌వర్క్ మింగేసింది. అనంతపురంలో నా గదికి వచ్చే పిల్లలు కూడా ఇదే అడుగుతుంటారు కాబట్టి ఈసారి కూర్చుని రాసేస్తున్నా.

అసలు సంగతికి ముందు ఒక మాట. ఈ ప్యాడ్ల పెట్టెల్లో ఏదీ తనంతట తాను మోగదు. గుంతకల్లు నుంచి వచ్చిన ఒకబ్బాయి కొత్త ప్యాడ్ డబ్బా విప్పి, స్పీకర్ తగిలించే రంధ్రం ఎక్కడుందా అని వెనక్కీ ముందుకీ తిప్పి చూశాడు పాపం. ప్యాడ్ మీద కొడితే కంప్యూటర్‌కి పోయేది శబ్దం కాదు, అంకెలు: ఏ నోట్ కొట్టావు, ఎంత గట్టిగా కొట్టావు. గట్టితనం 127 దాకా అంకెల్లో పోతుంది, దాన్నే వెలాసిటీ అంటారు. 1983లో వచ్చిన మిడి పద్ధతి ఇదే, ఇప్పటికీ దాని మీదే బండి నడుస్తోంది. శబ్దం అంతా సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది. అందుకని ప్యాడ్ ఏది మేలు అని ఒక్కదాన్నే అడిగితే సగం ప్రశ్నే అడిగినట్టు. జోడెద్దుల్లో ఒకటి మొండికేస్తే రెండోది ఎంత మంచిదైనా బండి కదలదు కదప్పా.

సరే, రెండింటి సంగతి. అకాయ్ ఎంపీడీ218లో నాలుగు వరసలు, వరసకు నాలుగు, మొత్తం పదహారు లావు రబ్బరు ప్యాడ్లు. ఈ నాలుగు నాలుగుల అమరిక 1988లో రోజర్ లిన్ అనే ఆయన అకాయ్ కోసం చేసిన ఎంపీసీ60 అనే బీట్ల యంత్రం నుంచి వస్తోంది, వేళ్లతో తాళం వాయించడానికే పుట్టిన అమరిక. నొవేషన్ లాంచ్‌ప్యాడ్ 2009లో వచ్చింది, దానిలో ఎనిమిది ఎనిమిదులు అరవై నాలుగు గళ్లు, పలచగా, పక్కపక్కనే, రంగుల్లో వెలుగుతూ. అది పుట్టిన పని వేరు. ఏబుల్టన్ లైవ్ అనే సంగీతం కట్టే సాఫ్ట్‌వేర్‌లో సెషన్ వ్యూ అని ఒక తెర ఉంటుంది, అందులో లూపులు, అంటే మళ్లీ మళ్లీ తిరిగి మోగే చిన్న చిన్న ముక్కలు, గళ్లలో పేర్చి ఉంటాయి, ఆ గళ్లను చేత్తో నొక్కడానికి వచ్చిందే లాంచ్‌ప్యాడ్. అంటే ఒకటి వాయించేది, ఇంకోటి మీట నొక్కేది. ఈ తేడా బుర్రలో పడితే సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

వాయించే వాడికి మొదట కావలసింది చేతి బరువు తెలిసే ప్యాడ్. తప్పెట కొట్టే వాళ్లను చూడండి, ఒక చేతిలో సన్న పుల్ల, ఇంకో చేతిలో లావు పుల్ల, లావు దెబ్బల మధ్య సన్న పుల్లతో గలగలమని నింపుతారు, ఆ నింపుడులో ప్రతి దెబ్బా ఒక్కో బరువు. అన్నీ ఒకే బరువుతో పడితే అది తప్పెట కాదు, రేకు మీద వాన. ఎంపీడీ218 ప్యాడ్లు ఈ బరువును పట్టుకుంటాయి, కాకపోతే కొంచెం గట్టిగా ఉంటాయి, మొదటి వారం వేళ్లు నొప్పెడతాయి. లాంచ్‌ప్యాడ్‌లో అయితే ఏ మోడల్ అన్నది చాలా ముఖ్యం. లాంచ్‌ప్యాడ్ మినీ చవకగా వస్తుందని చాలా మంది దానికే పోతారు, కానీ దానికి దెబ్బ బరువు తెలియదు, మెల్లగా తాకినా గుద్దినా ఒకటే. లాంచ్‌ప్యాడ్ ఎక్స్‌కి తెలుస్తుంది, పైగా కొట్టిన తర్వాత వేలితో అదిమి పడితే ఆ ఒత్తిడి కూడా పంపుతుంది, కానీ దాని ధర వేరే లెవెల్. మా వాడు చూసి ముచ్చటపడింది మినీనే. తాళం వాయించే చేతికి అది దండగ అని నేను మొహం మీదే చెప్పేశాను, కాసేపు అలిగాడు.

నాబుల సంగతి, అదే వేళ్లతో తిప్పే బుడిపెల సంగతి, ఎవరూ అడగరు, నేను మాత్రం దీని మీదే కాసేపు నిలబడతాను. ఎంపీడీ218కి ఎడమ పక్క ఆరు నాబులున్నాయి, బ్యాంకు మారిస్తే, అంటే మీట నొక్కి అవే నాబులకు వేరే పనులు ఇస్తే, పద్దెనిమిదిగా వాడుకోవచ్చు. నేను చెప్పుకుంటున్న లాంచ్‌ప్యాడ్లకు ఒక్కటి కూడా లేదు. ఏం పెద్ద తేడా అంటారా? మా జిల్లాలో ఉరుముల వాళ్ల వాయిద్యం విన్నవాళ్లకు తెలుస్తుంది. ఉరుముకు రెండు మూతులు, ఒక పక్క కొడతారు, ఇంకో పక్క చర్మం మీద పుల్లతో రాస్తారు, ఆ రాపిడికి బుర్రుమని ఒక మూలుగు లేచి, పెరిగి, వంగి, తగ్గుతుంది. దెబ్బను ప్యాడ్ మీద పెట్టొచ్చు. మూలుగును ఎలా పెడతారు? అది దెబ్బ కాదు, సాగే శబ్దం. నేను ఒక జాతర పనికి చేసిందేమంటే, మూలుగు రికార్డింగును లూపుగా ఒక ప్యాడ్‌లో పెట్టి, కుడి చేతి ఉంగరం వేలితో ఆ ప్యాడ్ పట్టి ఉంచి, ఎడమ చేత్తో ఒక నాబుకు వాల్యూమ్, ఇంకోదానికి పిచ్ (శ్రుతి) కట్టి, తిప్పుతూ పోయాను. నాలుగైదు సార్లు తేలిపోయింది, ఆరోసారికి ఉరుము లాగే బుర్రుమంది. ఎంపీడీ ప్యాడ్లకు కూడా ఒత్తిడి తెలుస్తుంది కాబట్టి ప్యాడ్‌ను అదిమి కూడా ఈ పని చేయొచ్చు, అయితే సాఫ్ట్‌వేర్‌లో మనం వాడే వాయిద్యం ఆ ఒత్తిడిని పట్టించుకునేదై ఉండాలి, అన్నీ పట్టించుకోవు. నాబు మాట అయితే ఏ వాయిద్యమైనా వింటుంది.

ఇంతా చెప్పి లాంచ్‌ప్యాడ్‌ను తీసిపారేస్తే అన్యాయం. స్టేజీ మీద దాని ముందు పదహారు ప్యాడ్లు దిగదుడుపే. వినాయక చవితి మంటపం దగ్గర పాట నడుస్తూ ఉంటుంది, జనం ఊగుతూ ఉంటారు, తప్పెట లూపు ఆపి చెక్కల లూపు దించాలి, ఒక చుట్టు తర్వాత రెండూ కలపాలి. ల్యాప్‌టాప్ మీద మౌసుతో వెతికితే తాళం జారిపోతుంది. లాంచ్‌ప్యాడ్ అయితే ఏ గడిలో ఏ లూపు ఉందో దాని రంగే చూపిస్తుంది, చీకట్లో కూడా. మీరు అర మాత్ర ముందే నొక్కినా పరవాలేదు, లైవ్ తనంతట తాను ఆవృత్తం మొదలు దాకా ఆగి అక్కడ ఎత్తుకుంటుంది, సెట్టింగ్ మార్చకుంటే తర్వాతి బార్ (ఆవృత్తం) మొదలు దాకా ఆగడం దాని అలవాటు. డీజే పని మీదే బతకాలనుకునే వాడు ఎంపీడీ కొంటే రెండో ప్రోగ్రాంకే తల బాదుకుంటాడు.

మూడోది ఒకటుంది, ఎంపీకే మినీ, ఇరవై అయిదు చిన్న కీలు, ఎనిమిది ప్యాడ్లు, ఎనిమిది నాబులు. ఒకే వస్తువు కొనే స్తోమత ఉండి, ట్యూన్లు కూడా కట్టేవాడికి ఇదే. ప్యాడ్లు ఎనిమిదే కావడంతో రెండు చేతుల తాళానికి ఇరుకు. అంతకు మించి దీని గురించి చెప్పడానికి లేదు.

ఇక సాఫ్ట్‌వేర్. ఇక్కడ పిల్లల్లో చాలా మంది ఎఫ్‌ఎల్ స్టూడియో దగ్గరే మొదలుపెడతారు, దానికి ఒక కారణం అది గళ్లు నింపుకుంటూ పోతే బీటు వచ్చేసే పద్ధతి, రెండో కారణం క్రాక్ వెర్షన్లు, ఆ రెండో దాని గురించి నేను మాట్లాడను, వైరస్ తెచ్చుకుని నా దగ్గరికి మాత్రం రావద్దు. దాని ట్రయల్‌తోనే చాలా నేర్చుకోవచ్చు, ఒక్క చిక్కేమంటే సేవ్ చేసిన ప్రాజెక్టును కొనేదాకా మళ్లీ తెరవలేరు, కాబట్టి కూర్చున్న పూటే ముగించి ఆడియోగా తీసుకోవాలి. ఒకసారి కొంటే మాత్రం ఆ తర్వాతి వెర్షన్లన్నీ జీవితాంతం ఉచితం. లైవ్ అలా కాదు, పెద్ద వెర్షన్ మారినప్పుడల్లా మళ్లీ డబ్బు. కానీ లైవ్ లైట్ అనే చిన్న వెర్షన్ ఇలాంటి ప్యాడ్ల పెట్టెలు చాలావాటితో పాటే వస్తుంది, ట్రాకులు తక్కువే ఇస్తాడు, అయినా తాళం నేర్చుకునే వాడికి సరిపోతుంది. కొత్త డబ్బా కొంటే లోపల కాగితం మీద కోడ్ ఉందేమో చూసుకోండి, ప్యాకింగ్‌తో పాటు పారేసిన వాళ్లను ముగ్గురిని చూశాను.

లైవ్‌కీ ఎఫ్‌ఎల్‌కీ మధ్య అందరూ తడబడే చోటు ఒకటుంది. ప్యాడ్ 36వ నంబరు నోట్ పంపుతుంది అనుకోండి, డ్రమ్ కిట్లలో కిక్, అంటే లావు దెబ్బ, సాధారణంగా అక్కడే ఉంటుంది. దాన్ని లైవ్‌లో సీ1 అంటారు, ఎఫ్‌ఎల్‌లో సీ3 అంటారు. నోట్ ఒకటే, పేర్లే రెండు. యూట్యూబ్‌లో లైవ్ వాడేవాడి వీడియో చూసి ఎఫ్‌ఎల్‌లో సీ1 మీద కిక్ పెట్టి, ప్యాడ్ పాడైందని ఏడ్చిన వాళ్లున్నారు. పేరు చూడొద్దు, నంబరు చూడండి.

తీన్‌మార్ లాంటి మూడేసి దెబ్బల నడకకు ఈ రెండు సాఫ్ట్‌వేర్లలో ఏది మేలు అంటే, చేత్తో వాయించే వాడికి రెండూ ఒకటే. గళ్లు నింపే వాడికి మాత్రం ఎఫ్‌ఎల్ మామూలుగా ఇచ్చే పదహారు గళ్లలో ఆ నడక ఇమడదు, పన్నెండో ఇరవై నాలుగో చేసుకోవాలి, లేదంటే టైమ్ సిగ్నేచర్ (చుట్టుకు ఎన్ని దెబ్బలన్న లెక్క) మార్చుకోవాలి, ఆ వీలు 2018లో ఎఫ్‌ఎల్ స్టూడియో 20తో వచ్చింది. ఎంపీడీలో నోట్ రిపీట్ అనే మీట కూడా ఉంది, దాన్ని ట్రిప్లెట్ మీద పెట్టి ప్యాడ్ పట్టుకుంటే మూడేసి దెబ్బలు తనే కొడుతుంది. దానికి అలవాటు పడితే చెయ్యి చెడిపోతుందని నా అనుమానం.

వాయించిన తర్వాత క్వాంటైజ్ దగ్గర, అంటే అటూ ఇటూ పడ్డ దెబ్బలను తాళం గీతల మీదికి సర్దే దగ్గర, నాకు లైవ్ నచ్చుతుంది. కంట్రోల్, షిఫ్ట్, యూ కలిపి నొక్కితే ఎంత శాతం సర్దాలో అడుగుతుంది, నేను 50కీ 60కీ మధ్య పెడతాను. నూరు శాతం సర్దితే చెక్కభజన కాస్తా కుట్టుమిషన్ అవుతుంది. ఎఫ్‌ఎల్‌లోనూ ఆల్ట్, క్యూ నొక్కి మెల్లగా సర్దుకోవచ్చు, కాకపోతే పిల్లలకు కంట్రోల్, క్యూ ఒక్కటే తెలుసు, అది అన్నిటినీ గీత మీదికి లాక్కొచ్చేస్తుంది.

ఏది కొన్నా ముందు సర్దుకోవలసింది ఆలస్యం. కొట్టిన దెబ్బ చెవికి ఆలస్యంగా వస్తే ఎంత మంచి ప్యాడైనా చెత్తే. కంప్యూటర్ శబ్దాన్ని కాస్త కాస్తగా పోగేసి పంపుతుంది, ఆ పోగే బఫర్. అది 512 శాంపిళ్ల దగ్గర, సెకనుకు 44100 శాంపిళ్ల రేటు మీద ఉంటే ఒక్క ఆ బఫర్ వల్లే సుమారు 11.6 మిల్లీసెకన్లు పోతాయి, అంటే తప్పెట నాలుగు మీటర్ల దూరంలో మోగినట్టు. 128కి తెస్తే మూడు మిల్లీసెకన్ల లోపే, ఒక మీటరు దూరం. అంత తక్కువకు తెస్తే పాత ల్యాప్‌టాప్‌లలో చిటపటలు వస్తాయి, అప్పుడు 256 దగ్గర రాజీ పడాలి. విండోస్‌లో శబ్దం కోసం విడిగా తగిలించే ఆడియో ఇంటర్ఫేస్ లేకుంటే ఏసియో4ఆల్ అనే ఉచిత డ్రైవర్ వేసుకోండి. బ్లూటూత్ హెడ్‌ఫోన్ పెట్టుకుని మాత్రం వాయించొద్దు, మీరు ముందు, శబ్దం వెనక, ఎంత మంచి తాళగాడైనా తప్పుతాడు. నేను ఒక సాయంత్రమంతా ప్యాడ్‌ను తిట్టుకుని, చివరికి చెవిలో ఉన్నది బ్లూటూత్ అని గుర్తొచ్చి ఎవరికీ చెప్పకుండా వైరుది పెట్టుకున్నాను.

అసలు కొనకుండా ఉండటం కూడా ఒక దారే. ఎఫ్‌ఎల్‌లోనూ లైవ్‌లోనూ ల్యాప్‌టాప్ కీబోర్డు మీదే నోట్లు కొట్టొచ్చు, బరువు తెలియదు అంతే. ఆ ఖర్చు పెట్టుకునే ముందు మా వాడితో చేయించింది ఒకటుంది: ఊర్లో తప్పెట వాళ్ల దగ్గర కూర్చుని, ఫోన్లోనే, ఒక్కో దెబ్బను మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా, మూడు సార్లు విడివిడిగా రికార్డు చేసుకు రమ్మన్నాను. ఆ మూడింటినీ ఒకే ప్యాడ్‌లో వెలాసిటీ ప్రకారం పేరిస్తే చేతి బరువుకు తగ్గ శబ్దమే పలుకుతుంది. అలా సొంతంగా కట్టుకున్న కిట్ ముందు కొన్న ప్యాకులు పనికిరావు.

కాబట్టి మా వాడికి ఎంపీడీ218, లైవ్ లైట్. వాడు ఇప్పటికే ఎఫ్‌ఎల్‌లో చేయి తిరిగిన వాడై ఉంటే ఎఫ్‌ఎల్‌లోనే ఉండమనేవాణ్ని, ప్యాడ్ మాత్రం అదే. ఇద్దరు ముగ్గురు కలిసి మంటపాల పని పట్టుకుంటే అప్పుడు లాంచ్‌ప్యాడ్ ఎక్స్, దానికి డబ్బు మంటపాలే ఇస్తాయి.

ఇప్పుడు వాడు సెకండ్ హ్యాండ్ అంటున్నాడు. నేనూ ఒకసారి అలాగే బెంగళూరులో తీసుకుని, బస్సు దిగి ఇంటికొచ్చి చూస్తే కింది వరసలో మూడో ప్యాడ్ గుద్దితే గానీ పలకలేదు. ఎక్కువ దెబ్బలు తినేవి కింది ఎడమ పక్క ప్యాడ్లే, కిక్, స్నేర్ అక్కడుంటాయి కాబట్టి. పదహారింటినీ ఒక్కో వేలితో, మెల్లగా, అంచుల దగ్గర కూడా కొట్టి వెలాసిటీ అంకెలు తెర మీద చూడాలి. ఒక దెబ్బకు రెండు నోట్లు పడుతున్నాయా, పక్క ప్యాడ్ తనంతట తాను మోగుతోందా చూడాలి. నాబు మెల్లగా తిప్పి అంకెలు ఎగిరెగిరి పడుతున్నాయేమో చూడాలి. యూఎస్‌బీ కేబుల్ కదిపి చూడాలి. ఇవన్నీ చూడాలంటే ల్యాప్‌టాప్ మోసుకుపోవాలి. శనివారం బెంగళూరు ఎస్పీ రోడ్డుకు పోతున్నాడట, ల్యాప్‌టాప్ తీసుకుపోరా అంటే, "బరువన్నా, లైట్లు వెలుగుతాయా లేదా చూస్తే సరిపోదా" అంటున్నాడు.