ఆస్టిన్ వింతలు: టికెట్టు లేనివే మేలు

టెక్సాస్ రాజధాని ఆస్టిన్ చుట్టూ ఉన్న రౌండ్ రాక్, సీడర్ పార్క్, లియాండర్ వంటి ఊళ్లలో తెలుగు కుటుంబాలు చాలానే స్థిరపడ్డాయి. వేసవిలో ఇండియా నుంచి అమ్మానాన్నలో అత్తమామలో వచ్చినప్పుడు వారికి ఊరు చూపించే పద్ధతి దాదాపు అందరి ఇళ్లలోనూ ఒకటే: ఒక పూట శాసనసభ భవనం ముందు ఫొటోలు, ఒక పూట గుడి, ఒక రోజంతా శాన్ మార్కోస్ ఔట్‌లెట్ దుకాణాలు. ఇందులో తప్పు పట్టవలసిందేమీ లేదు గానీ, ఈ ఊరికి అమెరికా అంతటా పేరు తెచ్చిన వింతలకు మాత్రం ఆ తిరుగుడులో చోటు దొరకడం లేదు. ఆ వింతల్లో ఏవి తప్పక చూడదగ్గవి, ఏవి చూడకపోయినా నష్టం లేదు, పెద్దవాళ్లనూ పిల్లలనూ వెంటబెట్టుకుని వెళ్లేవారు ఏయే జాగ్రత్తలు తీసుకోవాలి అన్నదే ఈ సమీక్ష.

ముందుగా ఒక మాట. ఊళ్లో ఏ బహుమతుల దుకాణానికి వెళ్లినా చొక్కాల మీదా కప్పుల మీదా 'కీప్ ఆస్టిన్ వియర్డ్' (ఆస్టిన్‌ను వింతగానే ఉండనివ్వండి) అన్న నినాదం కనిపిస్తుంది. 2000లో రెడ్ వాసెనిచ్ అనే స్థానిక కళాశాల గ్రంథాలయ ఉద్యోగి, ఒక చిన్న రేడియో స్టేషన్‌కు విరాళం ఇస్తూ యథాలాపంగా అన్న మాట అది. ఆయన, ఆయన భార్య దాన్ని కార్ల స్టిక్కర్లుగా అచ్చువేయించి ఉచితంగా పంచిపెడితే, తరువాత వేరొక సంస్థ అదే మాటను ట్రేడ్‌మార్కు చేసుకుని చొక్కాల మీద అమ్ముకుంది. ఈ ఊరి వింతలను బేరీజు వేయడానికి నేను పెట్టుకున్న కొలమానం కూడా ఇక్కడి నుంచే వచ్చింది. సందర్శకుల కోసమని ఎవరో పనిగట్టుకుని అమర్చినవాటి కంటే, వేరే ఏదో పని చేయబోతే వాటంతట అవే వింతలైనవి ఇక్కడ ఎన్నో రెట్లు బాగుంటాయి.

వాటిలో మొదటి స్థానం కాంగ్రెస్ అవెన్యూ వంతెన కింది గబ్బిలాలదే. 1910 నాటి ఆ వంతెనను 1980లో పునర్నిర్మించినప్పుడు, పైకప్పు దిమ్మెల మధ్య సుమారు అంగుళం వెడల్పు, అడుగుకు పైగా లోతు ఉన్న సందులు మిగిలిపోయాయి. ఇంజనీర్లు వాటిని గబ్బిలాల కోసం వదలలేదు, కానీ మెక్సికో నుంచి వలస వచ్చే ఒక జాతి గబ్బిలాలకు అవి సరిగ్గా సరిపోయాయి. వేలకు వేలుగా వచ్చి చేరుతుంటే ఊరివాళ్లు హడలిపోయి, వాటిని నిర్మూలించాలని పట్టుబట్టారు. 1986లో మెర్లిన్ టటిల్ అనే గబ్బిలాల శాస్త్రవేత్త, తాను స్థాపించిన సంరక్షణ సంస్థను ఆస్టిన్‌కు తరలించి, ఇవి మనుషుల జోలికి రావనీ, రాత్రికి టన్నుల కొద్దీ పురుగులను తింటాయనీ ఓపికగా నచ్చజెప్పాడు. ఇప్పుడు వేసవి మధ్యలో ఆ వంతెన కింద 15 లక్షల దాకా గబ్బిలాలు ఉంటాయని అంచనా. 2020 జనగణన ప్రకారం ఊరి జనాభా 9.6 లక్షలు మాత్రమే.

ఇక్కడికి చేరేవాటిలో ఎక్కువ భాగం ఆడవే. అవి మార్చిలో వచ్చి, జూన్‌లో ఒక్కొక్కటి ఒక్కొక్క పిల్లను కని, చలి మొదలయ్యేసరికి తిరిగి దక్షిణానికి వెళ్లిపోతాయి. జులై చివరి నుంచి ఆగస్టు దాకా పిల్లలు కూడా తల్లులతో కలిసి ఎగరడం వల్ల గుంపు ఎక్కువగా ఉంటుంది. పైగా వర్షాలు లేని రోజుల్లో అవి ఆకలితో వెలుతురు ఉండగానే బయటికి వస్తాయి. మన ఇళ్లకు పెద్దవాళ్లు వచ్చే కాలమూ సరిగ్గా అదే కావడం ఒక సౌకర్యం. సూర్యాస్తమయం వేళ వంతెన తూర్పు వైపు కాలిబాట మీద నిలబడితే, కాళ్ల కిందనుంచి మొదట పది, ఇరవై, ఆ తరువాత ఎడతెగని నల్లని ధారగా బయటపడి నది వెంట తూర్పుకు సాగిపోతాయి. ఆ ధార చాలాసేపటి వరకు తెగదు.

ఇక లోపాల సంగతి. గబ్బిలాలకు మన గడియారంతో పని లేదు. కొన్ని సాయంత్రాలు పూర్తిగా చీకటి పడ్డాకగానీ బయలుదేరవు, అప్పుడు వచ్చినా కంటికి ఆనేది తక్కువ. వంతెన కింద ఘాటైన వాసన ఉంటుంది. గట్టు మీద కూర్చునేవారు టోపీ పెట్టుకోవడం మంచిది, కారణం వివరించనక్కర్లేదు. నేలమీద పడి ఉన్న గబ్బిలాన్ని పిల్లలు ముట్టుకోకుండా చూసుకోవాలి, రేబిస్ ప్రమాదం నిజంగానే ఉంది. నదిలో పడవ మీద వెళ్లి చూసే ఏర్పాటు కూడా ఉంది, దానికి టికెట్టు ఉంటుంది. గంటసేపు నిలబడలేని మోకాళ్ల నొప్పుల వాళ్లకు ఆ పడవే మేలని నా అభిప్రాయం. నడవగలిగినవాళ్లు డబ్బు ఖర్చు పెట్టుకోవలసిన అవసరం లేదు, వంతెన మీది నుంచి కనిపించేదే గొప్పగా ఉంటుంది.

రెండో స్థానం నేను బేలర్ వీధిలోని ట్రీటీ ఓక్‌కు ఇస్తాను. చూడబోతే అది ఒక ఓక్ చెట్టు, వయసు సుమారు 500 ఏళ్లు. కొమ్మలు ఒక పక్కకు మాత్రమే విస్తరించి, రెండో పక్క ఎవరో నరికేసినట్టు బోసిగా ఉంటుంది. కథ తెలియకపోతే రెండు నిమిషాల్లో వెనుదిరుగుతారు, అందుకే కథ చెప్పాలి. స్థానిక ఆదివాసీ తెగలు సభ తీర్చేవని చెప్పుకునే 14 ఓక్ చెట్లలో మిగిలింది ఇదొక్కటే. 1937లో నగరపాలక సంస్థ 1,000 డాలర్లకు ఆ స్థలాన్ని కొని చెట్టును కాపాడింది. 1989లో ఆకులు అకారణంగా మాడిపోవడం మొదలైతే మట్టిని పరీక్ష చేయించారు. వెల్పార్ అనే కలుపుమందును, వంద చెట్లను చంపగల మోతాదులో, ఎవరో చెట్టు మొదలు దగ్గర పోసినట్టు తేలింది. పట్టుబడిన మనిషి తనను కాదన్న స్త్రీ మీది ప్రేమను చంపుకోవడానికి చేతబడి లాంటి తంతు చేశాడనీ, చెట్టు చస్తే ప్రేమ కూడా చస్తుందని నమ్మాడనీ విచారణలో బయటపడింది. అతనికి తొమ్మిదేళ్ల జైలు శిక్ష పడింది.

చెట్టును బతికించడానికి జరిగిన ప్రయత్నం అంతకంటే విచిత్రమైనది. కలుపుమందు తయారుచేసే కంపెనీయే నేరస్థుణ్ణి పట్టించినవారికి బహుమతి ప్రకటించింది. టెక్సాస్ కోటీశ్వరుడు రాస్ పెరో వైద్యానికి ఎంతైనా పరవాలేదని మొత్తం రాయని చెక్కు ఇచ్చాడు. విషపు మట్టిని తవ్వి తీసేసి కొత్త మట్టి పోశారు, ఎండ తగలకుండా పరదాలు కట్టారు, ఊట నీటిని ఆకుల మీద చల్లారు, మానులోకి చక్కెర నీళ్లు ఎక్కించారు. త్వరగా కోలుకోవాలంటూ పిల్లలు చెట్టుకు ఉత్తరాలు రాశారు. చివరికి మూడింట రెండు వంతులు పోయి ఒక వంతు దక్కింది. 1997లో మళ్లీ కాయలు కాసింది. ఊరి రావిచెట్టుకు దారం చుట్టి పసుపు కుంకుమ పెట్టే అలవాటున్న మన పెద్దవాళ్లకు, అమెరికాలో వారు చూసే ఆకాశహర్మ్యాలన్నింటి కంటే ఈ సగం చెట్టే ఎక్కువ అర్థమవుతుందని నాకు గట్టి నమ్మకం. ఇక్కడ టికెట్టు లేదు, కాపలా లేదు, కూర్చోవడానికి నీడ ఉంది.

శాసనసభ భవనాన్ని ఎలాగూ అందరూ చూస్తారు కాబట్టి దాని గురించి రెండు మాటలు చాలు. 1888లో పూర్తయిన ఈ ఎర్ర గ్రానైట్ భవనం ఎత్తులో వాషింగ్టన్‌లోని దేశ పార్లమెంటు భవనాన్ని మించినది. కట్టినవాళ్లకు ఇవ్వడానికి రాష్ట్రం దగ్గర డబ్బు లేకపోతే, కూలి కింద 30 లక్షల ఎకరాల బంజరు భూమి రాసిచ్చింది. చాలామంది బయటే ఫొటోలు దిగి వెళ్లిపోతారు. లోపలికి ప్రవేశం ఉచితమే. గుమ్మటం కింద నేల మీద ఉన్న నక్షత్రం మధ్యలో నిలబడి మాట్లాడితే మన గొంతు మనకే వింతగా తిరిగి వినిపిస్తుంది. గోల్కొండలో ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొట్టి చూసినవారు ఇక్కడ కూడా తప్పకుండా చప్పట్లు కొడతారు, కొట్టనివ్వండి.

తెలుగు చదువరులకు ప్రత్యేకంగా చెప్పవలసినది ఈస్ట్ ఫిఫ్త్ వీధిలోని ఓ. హెన్రీ ఇల్లు. మన ఇంగ్లీషు పాఠ్యపుస్తకాల్లో కొసమెరుపు కథల రచయితగా తెలిసిన ఆయన, ఈ ఊళ్లో బ్యాంకు ఉద్యోగి. 1890ల నడుమ ఈ చిన్న ఇంట్లో కాపురమున్నాడు. బ్యాంకు లెక్కల్లో తేడా వచ్చిన కేసులో 1898లో ఈ ఊరి కోర్టులోనే శిక్ష పడి జైలుకు వెళ్లాడు. ఇల్లు చాలా చిన్నది, అరగంట ఎక్కువ. దీన్ని చూడదగ్గదిగా చేసేది ఇల్లు కాదు, ఆయన పేరిట 1978 నుంచి ఏటా జరుగుతున్న శ్లేషల పోటీ. ఇద్దరు పోటీదారులకు ఒక అంశం ఇస్తే, ఒకరి తరువాత ఒకరు ఆ అంశం మీద అప్పటికప్పుడు శ్లేషలు చెబుతూ పోవాలి, తడబడినవారు ఓడినట్టు. మన అవధానాల్లో అప్రస్తుత ప్రసంగికీ అవధానికీ మధ్య నడిచే విసుర్లు విని నవ్వుకున్నవారికి ఇందులోని రుచి వెంటనే తెలుస్తుంది, కాకపోతే ఇక్కడ ఛందస్సు బాధ లేదు. ఇంగ్లీషు అంతగా పట్టుబడని పెద్దవాళ్లకు ఇది విసుగే. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలకు మాత్రం తప్పక చూపించాలి.

వెన్నెల స్తంభాలు చూడాలంటే రాత్రి పూట వెళ్లాలి. 1894-95లో ఊరంతటికీ వెలుతురు ఇవ్వడానికి 165 అడుగుల ఎత్తున 31 ఇనుప స్తంభాలు నిలబెట్టి వాటి కొసన దీపాలు పెట్టారు. వీధికో దీపం కాకుండా పేటకో చందమామ అన్నమాట. మిగతా ఊళ్లు తమ స్తంభాలను ఎప్పుడో పీకేశాయి, ఆస్టిన్ మాత్రం సగం లోపు స్తంభాలను నేటికీ నిలబెట్టుకుంది. పగలు చూస్తే సెల్ టవర్‌కూ దానికీ తేడా తెలియదు. దీని కోసమే ప్రత్యేకంగా బయలుదేరవద్దు; హైడ్ పార్క్ వైపు రాత్రి భోజనానికి వెళ్తే 41వ వీధి, స్పీడ్‌వే కూడలిలో ఒకసారి తలెత్తి చూడండి.

దక్షిణ ఆస్టిన్‌లో విన్స్ హానెమన్ అనే ఆయన తన పెరట్లో 1980ల చివరి నుంచి సైకిళ్లు, టీవీలు, కారు భాగాలు, సీసాలు పేర్చి కట్టిన మేడ 'కెథీడ్రల్ ఆఫ్ జంక్'. ఒక దశలో అందులోని సామాను 60 టన్నులు దాటిందని చెబుతారు. 2010లో అనుమతుల పేచీ వచ్చి కొంత భాగం విప్పేయవలసి వచ్చింది. అది ఒకరి సొంత ఇల్లన్న సంగతి మరచిపోకుండా, ముందుగా అడిగి, రమ్మన్న వేళకే వెళ్లాలి. పదేళ్ల పిల్లలకు ఇది స్వర్గం. అంచులు మొనతేలిన ఇనుము కాబట్టి నడక అప్పుడే నేర్చిన పిల్లలను తీసుకెళ్లకపోవడమే మంచిది.

సిక్స్త్ స్ట్రీట్‌లోని 'మ్యూజియం ఆఫ్ ది వియర్డ్' నా జాబితాలో చివరిది. ఫిజీ మత్స్యకన్య, మంచుమనిషి వంటి పాతకాలపు ప్రదర్శన వస్తువులను సరదాగా చూపించే చోటు అది; తిరునాళ్లలో గుడారం వేసి రెండు తలల దూడను చూపించినప్పటి ఉత్సాహంతో వెళ్తే నిరాశ కలగదు, చరిత్ర కోసం వెళ్తే కలుగుతుంది. ఆ వీధి రాత్రయ్యేసరికి బార్లతో నిండిపోతుంది కాబట్టి కుటుంబంతో వెళ్లేవారు పగలే వెళ్లాలి.

జులై, ఆగస్టు నెలల్లో మధ్యాహ్నం ఎండ తరచుగా 38 డిగ్రీలు దాటుతుంది. కాబట్టి ఉదయం శాసనసభ భవనం, ఓ. హెన్రీ ఇల్లు ముగించుకుని ఇంటికి వచ్చి, భోజనం, కునుకు అయ్యాక సాయంత్రం ట్రీటీ ఓక్ మీదుగా వంతెనకు చేరితే పెద్దవాళ్లు అలసిపోరు. ఓ. హెన్రీ ఇల్లు ఆ రోజు తెరిచి ఉందో లేదో బయలుదేరే ముందు చూసుకోవాలి. వంతెన దగ్గర శని, ఆదివారాల్లో కారు నిలపడానికి చోటు దొరకడం కష్టం. మంగళ, బుధవారాల్లో సూర్యాస్తమయానికి గంట ముందు చేరుకుంటే కారుకూ మనుషులకూ జాగా దొరుకుతుంది.